యంత్రమునకు తెలిసిన మూడు మాటలు

ఆసుపత్రి యొద్దనో, బ్యాంకునందో, రైలు టిక్కెట్లు విక్రయించు చోటనో ఒక పలక కానవచ్చును. దానిపై "వృద్ధులు మరియు దివ్యాంగులు ఈ వరుసలో నిలువవలెను" అని వ్రాసియుండును. డెబ్బది యేండ్ల ముసలమ్మ ఒకతె వచ్చి ఆ వరుసలో నిలుచును. ఆమె వెనుక, ఒక కాలు లేని యువకుడు చంక కఱ్ఱల యూతతో నిలుచును. అచ్చటి గుమాస్తా ఇరువురకును టిక్కెట్లిచ్చి పంపును. "అవ్వా! నీవు వృద్ధురాలవే గాని దివ్యాంగురాలవు కావు గదా, వెనుకకు పొమ్ము" అని అతడనడు. పలకపై "మరియు" అని యున్నను, దాని భావము "లేక" అని చదివిన ప్రతివాడును ఎఱుగును.

ఆ గుమాస్తాకు బదులుగా ఒక కంప్యూటరును నియమించి, పలకపై నున్న మాటలనే మార్పు లేకుండ దాని భాషలోనికి దింపినచో కథ వేఱుగ నడచును. ముసలమ్మకు టిక్కెట్టు దొరకదు, యువకునకును దొరకదు. వృద్ధాప్యమును అంగవైకల్యమును రెండును గల మూడవ మనిషి వచ్చినప్పుడే యంత్రము టిక్కెట్టు నిచ్చును. యంత్రమునకు జాలి లేదని నిందించుట సులభము. నిజమునకు దానికి జాలియు లేదు, పగయు లేదు. గుమాస్తా వినునది వ్రాసినవాని ఉద్దేశమును. యంత్రము వినునది వ్రాసిన మాటను. ఆ మాటను అది ఎట్లు లెక్కించునో తెలిసికొనక వ్రాసినచో, మంచి తలంపుతో చేసిన నియమమే నిరపరాధులను వాకిట నిలువబెట్టును.

కంప్యూటరునకు ఆజ్ఞల నిచ్చుటకు అనేక భాషలు పుట్టినవి. వానిలో నేడు పాఠశాలలయందు విరివిగా నేర్పబడుచున్నది పైథాన్ అను భాష. నెదర్లాండ్సు దేశస్థుడైన గైడో వాన్ రోసమ్ దీనిని రూపొందించి 1991వ సంవత్సరమున లోకమునకు విడుదల చేసెను. పేరు వినగానే కొండచిలువ తోచును గాని, ఆ పేరు పామును బట్టి పెట్టినది కాదు. ఆంగ్లేయుల హాస్యబృంద మొకదాని పేరునుండి వచ్చినది. ఈ భాషలో విలువలకు పెట్టుకొను పేర్లను తెలుగు లిపిలో గూడ వ్రాయవచ్చును. కాని భాషకు ఎముకల వంటి కొన్ని పదములు ఆంగ్లముననే యుండవలెను. వానిలో అయిదు పదములు ఇచ్చట ముఖ్యములు: ట్రూ, ఫాల్స్, అండ్, ఆర్, నాట్.

ట్రూ అనగా సత్యము. ఫాల్స్ అనగా అసత్యము. ఈ రెండింటిని బూలియన్ విలువలందురు. సంఖ్యలకు అంతము లేదు. అక్షరములతో కూర్చదగిన పదములకును అంతము లేదు. బూలియన్ విలువలు మాత్రము రెండే. "బహుశా", "కొంతవఱకు", "చూతము లెండి" అను సమాధానములకు ఇందు తావు లేదు. న్యాయస్థానమున వకీలు సాక్షిని "అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పుము" అని గద్దించినట్లుండును.

ఈ విలువలు సాధారణముగ పోలికనుండి పుట్టును. ఒక విద్యార్థికి గణితమున 42 మార్కులు వచ్చినవనుకొనుడు. ఆ మార్కులు 35 గాని అంతకంటె ఎక్కువ గాని యున్నవా యని యడుగగా, యంత్రము రెండు సంఖ్యలను పోల్చి ట్రూ అని చెప్పును. 34 వచ్చినవానికి ఫాల్స్ అని చెప్పును. ఒక్క మార్కే గదా యని అది జంకదు. ఇచ్చట నొక మెలకువ అవసరము. గణితపుస్తకములో ఒక సమచిహ్నము చాలును. పైథానులో ఒంటి సమచిహ్నము (=) "ఈ పేరునకు ఈ విలువ నిమ్ము" అను ఆజ్ఞ. "ఈ రెండును సమానములా?" అని యడుగవలెనన్నచో సమచిహ్నమును జంటగా (==) వ్రాయవలెను. ఆజ్ఞను ప్రశ్నగ భ్రమించుట క్రొత్తగా నేర్చువారు చేయు మొదటి తప్పు.

ఇక మిగిలిన మూడు మాటలు. అండ్ అనునది రెండు విలువలను కలుపును; రెండును సత్యములైననే ఫలితము సత్యము, ఏ యొక్కటి తప్పినను అసత్యము. ఆర్ అనుదానికి రెండింటిలో ఒకటి సత్యమైనను చాలును. రెండును అసత్యములైనప్పుడే ఫలితము అసత్యము. నాట్ ఒక్కదానిపైననే పనిచేయును. సత్యమును అసత్యముగను, అసత్యమును సత్యముగను మార్చును. వీనిని తార్కిక ఆపరేటర్లందురు. పొలమునకు నీరు పెట్టు రైతునకు వీని స్వభావము క్రొత్త కాదు. ఒకే కాలువపై ఒకదాని తరువాత నొకటిగ రెండు తూములున్నచో, రెండును ఎత్తినగాని నీరు మడిలోనికి పాఱదు. ఇది అండ్. రెండు కాలువలు ఒకే మడికి వచ్చుచు ఒక్కొక్కదానికి ఒక్కొక్క తూము ఉన్నచో, ఏ తూము నెత్తినను మడి తడియును. రెండును ఎత్తినచో చెప్పనక్కఱలేదు. ఇది ఆర్.

ఈ "చెప్పనక్కఱలేదు" అన్నచోటనే లోకపు మాటకును యంత్రపు మాటకును చీలిక కలదు. ఇంటికి వచ్చిన చుట్టమును "కాఫీ తెమ్మందురా, టీ తెమ్మందురా?" అని ఇల్లాలు అడిగినచో, రెండును తెమ్మనువాడు అరుదు. లోకమున "లేక" అను మాట పెక్కు చోట్ల "రెండింటిలో ఒక్కటి మాత్రమే" అను నర్థము నిచ్చును. యంత్రపు ఆర్ అట్లు కాదు. రెండును ఉన్నను అది సత్యమే యనును. పైన చెప్పిన పలకకు కావలసినది ఈ ఆర్ మాత్రమే. వయస్సు 60 దాటినను సరే, అంగవైకల్య మున్నను సరే, రెండును ఉన్నను సరే, వరుసలో నిలువవచ్చును. తెలుగు వాక్యములోని "మరియు"ను చూచి అండ్ అని వ్రాసినవాడు ముసలమ్మను వెనుకకు పంపినవాడగును.

బూలియన్ అను పేరు ఒక మనుష్యుని పేరునుండి వచ్చినది. జార్జి బూల్ 1815వ సంవత్సరము నవంబరు 2వ తేదీన ఇంగ్లండు దేశమున లింకన్ పట్టణమున జన్మించెను. అతని తండ్రి జోళ్లు కుట్టి జీవించువాడు. అయినను దూరదర్శినుల వంటి పరికరములను చేయుటయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. ఆ ఆసక్తి అంగడిని నిలుపలేదు. వ్యాపారము చెడిపోగా, బూల్ తన పదునాఱవ యేట ఉపాధ్యాయుడై కుటుంబభారమును వహించెను. పందొమ్మిదవ యేట సొంతముగ నొక బడి పెట్టెను. విశ్వవిద్యాలయపు మెట్టు ఎక్కి చదువుకొను భాగ్య మతనికి కలుగలేదు. గ్రీకు, ఫ్రెంచి, జర్మను భాషలను, ఉన్నత గణితమును పుస్తకములు ముందు పెట్టుకొని తానే నేర్చెను. అట్టివానికి 1844లో లండనులోని రాయల్ సొసైటీ స్వర్ణపతకము నిచ్చెను; 1849లో ఐర్లండులోని కార్క్ నగరమున క్రొత్తగా వెలసిన కళాశాల వారు తమ మొదటి గణితాచార్యునిగ పిలిచికొనిరి. అతడు 1855లో వివాహమాడిన మేరీ, భారతదేశపు సర్వేయరు జనరలుగ పనిచేసిన జార్జి ఎవరెస్టునకు సోదరుని కుమార్తె. హిమాలయ శిఖరమునకు ఆ ఎవరెస్టు పేరే పెట్టబడినది.

తర్కము పండితుల వాదములకు మాత్రమే పనికివచ్చు విద్యగ నున్న కాలమున, దానిని గణితమువలె లెక్కింపవచ్చునని బూల్ చూపెను. 1847లో ఒక చిన్న గ్రంథమును, 1854లో ఆలోచనా నియమములను గూర్చిన పెద్ద గ్రంథమును ప్రకటించెను. అతని ఊహ వినుటకు సులభము. ఒక తోటలోని పూలలో ఎఱ్ఱనివానిని ఏరుడు. ఏరినవానిలో మరల ఎఱ్ఱనివానిని ఏరుడు. ఏమి మిగిలినవి? ముందున్నవే. ఒకే ఏరుటను రెండుమార్లు చేసినను ఒక్కమారు చేసిన ఫలమే. ఆ ఏరుటకు ఎక్స్ అని పేరు పెట్టినచో, ఎక్స్‌ను ఎక్స్‌చే గుణించినను ఎక్స్ రావలెను. ఏ సంఖ్య కీ గుణము కలదు? రెండును రెండుచే గుణించిన నాలుగగును. మూడును మూడుచే గుణించిన తొమ్మిదగును. 0ను 0చే గుణించిన 0 వచ్చును. 1ని 1చే గుణించిన 1 వచ్చును. లెక్కలేనన్ని సంఖ్యలలో ఈ రెండే ఆ పరీక్షకు నిలిచినవి. ఏమియు లేదనుటకు 0, సమస్తమును ఉన్నదనుటకు 1. అండ్ అనగా గుణకారము. నాట్ అనగా 1 నుండి తీసివేయుట. ఆర్ విషయమున మాత్రము బూల్ కొంత జాగ్రత్త పడెను. ఉమ్మడి వస్తువులు లేని రెండు గుంపులనే అతడు కూడికచే కలిపెను. రెండింటను ఉన్నదానిని గూడ అంగీకరించు నేటి ఆర్ వంటి భావమును విలియమ్ స్టాన్లీ జెవన్స్ 1864లో ప్రతిపాదించెను. ఆ సంవత్సరముననే, నవంబరు మాసమున, బూల్ వానలో కళాశాలకు నడచి, తడిసిన బట్టలతోనే పాఠము చెప్పి, రోగపీడితుడై డిసెంబరు 8వ తేదీన మరణించెను. అప్పటి కతని వయస్సు 49 ఏండ్లు.

అతని లెక్క యంత్రములలోనికి దిగుటకు ఇంకను చాలకాలము పట్టెను. 1937లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుచున్న క్లాడ్ షానన్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి, విద్యుత్ స్విచ్చులకును బూల్ గణితమునకును పొత్తు కుదురునని తన పట్టపు వ్యాసమున నిరూపించెను. రైతు తూములయందు చెప్పినదే ఇచ్చటను. వరుసగ నున్న రెండు స్విచ్చులు అండ్. పక్కపక్కల నున్న రెండు స్విచ్చులు ఆర్. తీగలో విద్యుత్తు ఉన్నచో 1, లేనిచో 0. నేటి కంప్యూటరు లోపల ఇట్టి స్విచ్చులే కోట్లకొలది, కంటికి కానరాని పరిమాణమున ఇమిడియున్నవి.

పైథాను ఆ పాత చుట్టరికమును నేటికిని మఱువలేదు. 2003లో వెలువడిన రూపమున బూలియన్ అను ప్రత్యేక జాతి ఆ భాషలో చేరినను, ట్రూ ఇప్పటికిని 1వలెను, ఫాల్స్ 0వలెను కూడికకు లొంగును. ట్రూకు ట్రూ కలిపిన 2 వచ్చును. వింతగ తోచును గాని ఉపయోగము లేకపోలేదు. ఒక విద్యార్థి ఆఱు సబ్జెక్టులలో ఎన్నింట ఉత్తీర్ణుడయ్యెనో తెలియవలెనన్నచో, ఆఱు పోలికల ఫలితములను కూడిన చాలును.

ఈ చుట్టరికము మేలు చేసినట్లే కీడును చేయును. పైథాను ఇతర విలువలను గూడ సత్యాసత్యములుగ చూచును: 0 అసత్యము, ఖాళీ పదము అసత్యము, ఖాళీ జాబితా అసత్యము, తక్కిన వన్నియు దాదాపుగ సత్యములే. బడిగంటను మ్రోగించు ఒక ప్రోగ్రాములో, సెలవుదినమును గుర్తించుటకై ఒకడు ఇట్లు వ్రాసెననుకొనుడు:

దినము == "శనివారము" ఆర్ "ఆదివారము"

తెలుగు చెవికి ఇందు దోషము వినబడదు. యంత్రము దీనిని రెండు ముక్కలుగ చదువును. మొదటి ముక్క "దినము శనివారమా?" అను ప్రశ్న. రెండవ ముక్క ఉత్త "ఆదివారము". అది ప్రశ్న కాదు; ఖాళీ కాని ఒక పదము. ఖాళీ కానిది గావున అది ఎల్లప్పుడును సత్యముతో సమానము. ఫలితముగ సోమవారమును సెలవే, మంగళవారమును సెలవే. గంట ఏనాడును మ్రోగదు. పిల్లలకు ఇది సంతోషమే గాని, ప్రోగ్రాము వ్రాసినవానికి కాదు. "దినము" అను పేరును రెండవ ముక్కలో గూడ చేర్చి పూర్తి ప్రశ్నగ వ్రాసినగాని తప్పు దిద్దుకొనదు. జావా వంటి భాషలు ఈ చనువును మొదలే ఈయవు. ప్రశ్న ఉండవలసినచోట పదమును పెట్టినచో ప్రోగ్రామునే త్రోసిపుచ్చును.

యంత్రము ఎడమనుండి కుడికి చదువుచు, అక్కఱ తీరినచోట ఆగిపోవుననుట గూడ తెలిసికొనదగినది. అండ్‌కు ఎడమ ప్రక్క అసత్యమైనచో కుడి ప్రక్క ఏమైనను ఫలితము మాఱదు. గావున అది కుడి ప్రక్కను చూడనే చూడదు. ఆర్‌కు ఎడమ ప్రక్క సత్యమైనను ఇట్లే. ఇది సోమరితనము కాదు, రక్షణము. ఒక తరగతి సరాసరి మార్కులు 35కు చేరినవా యని చూచుటకు మొత్తమును విద్యార్థుల సంఖ్యచే భాగింపవలెను. తరగతిలో ఎవ్వరును లేనిచో సున్నచే భాగించుట సంభవించి ప్రోగ్రాము నిలిచిపోవును. "సంఖ్య సున్న కాదు" అను ప్రశ్నను ముందును, భాగహారమును తరువాతను ఉంచి, నడుమ అండ్ పెట్టినచో, ఖాళీ తరగతి వచ్చినప్పుడు యంత్రము భాగహారము వఱకు పోదు. ఆ రెండింటిని తాఱుమాఱు చేసినచో రక్షణము పోయినట్లే.

వీనికంటె లోతైన గోతి మఱియొకటి కలదు. అది బయటికి కనబడదు గావున దానిని కొంత నెమ్మదిగ చూడవలెను. భారత రాజ్యాంగములోని 326వ అధికరణము, ఓటరుగ నమోదగు హక్కు ఎవరికి గలదో చెప్పుచున్నది. ఆ మనిషి భారత పౌరుడై యుండవలెను. వయస్సు 18 ఏండ్లకు తక్కువ కారాదు. మొదట 21 ఏండ్లుగ నున్న ఈ వయస్సు 61వ సవరణచే తగ్గింపబడి 1989వ సంవత్సరము మార్చి 28 నుండి అమలులోనికి వచ్చినది. మఱియు నివాసము లేకపోవుట, మతిస్థిమితము తప్పుట, నేరము, అవినీతికరమైన లేక చట్టవిరుద్ధమైన చర్య అను కారణములలో దేనిచేతనైనను చట్టము వానిని అనర్హునిగ చేసియుండరాదు. ఒక్క వాక్యములో అండ్, ఆర్, నాట్ మూడును చేరినవి. అభ్యాసమునకై అనర్హతలలో రెండింటిని మాత్రము తీసికొని, ఒకడు పైథానులో ఇట్లు వ్రాసెననుకొనుడు:

పౌరుడు అండ్ వయస్సు >= 18 అండ్ నాట్ మతిలోపము ఆర్ నేరము

చదువుటకు సరిగనే యున్నది. కాని 2 + 3 × 4 అన్నప్పుడు గుణకారమును ముందు చేసి 14 అని చెప్పునట్లే, యంత్రమునకు ఈ మాటలలోను ఒక వరుస కలదు. పోలికలు ముగిసిన పిమ్మట మొదట నాట్, తరువాత అండ్, కడపట ఆర్. కావున నాట్ తన ప్రక్కనున్న మతిలోపమును మాత్రమే పట్టుకొనును. నేరము విడివడి ఆర్‌కు కుడి ప్రక్కన ఒంటరిగ నిలుచును. ఇక ఆ వాక్యమున కర్థ మేమనగా: పై మూడు షరతులును నెఱవేరినవాడు ఓటరు, లేక నేరముచే అనర్హుడైనవాడు ఓటరు! వాడు పౌరుడు కాకున్నను సరే, పదేండ్ల బాలుడైనను సరే. ఎవనిని తొలగింపవలెనో వానికే తలుపు బార్లా తెఱచినట్లయినది. ఇందలి భయంకరమైన విషయమేమనగా, యంత్రము ఏ తప్పునూ చూపదు, ప్రోగ్రాము ఆగదు. అనర్హత లేని పౌరులు వేయిమంది పేర్లు పెట్టి పరీక్షించినను అన్నియు సరిగనే వచ్చును.

దిద్దుటకు రెండు మార్గములు కలవు. మొదటిది కుండలీకరణములు: నాట్ (మతిలోపము ఆర్ నేరము). రెండవది కుండలీకరణములను విప్పి వ్రాయుట. విప్పునప్పుడు లోపలి ఆర్ మాఱి అండ్ కావలెను: నాట్ మతిలోపము అండ్ నాట్ నేరము. ఈ నియమము అగస్టస్ డి మోర్గాన్ పేర వ్యవహరింపబడుచున్నది. అతడు 1806లో మన దక్షిణదేశమున మధురలో జన్మించి, పసితనముననే ఇంగ్లండునకు కొనిపోబడి, లండనులో గణితాచార్యుడైనాడు; బూల్‌నకు మిత్రుడు. వినుటకు క్లిష్టముగ నున్నను ఈ నియమము తెలుగు పిల్లల నాలుకపై ఉన్నదే. "అన్నము గాని రొట్టె గాని వద్దు" అన్న పిల్లవానికి అన్నమును వడ్డింపరు, రొట్టెయు వడ్డింపరు. "అన్నమును వద్దు, రొట్టెయు వద్దు" అనుటకును దానికిని భేదము లేదు. ఆ మాటను పలుకునప్పుడు తప్పనివాడే ప్రోగ్రాము వ్రాయునప్పుడు లోపలి ఆర్‌ను ఆర్‌గనే విడిచి, "నాట్ మతిలోపము ఆర్ నాట్ నేరము" అని వ్రాయును. అప్పుడు రెండు అనర్హతలును కలవాడే తొలగును. ఒక్కటి మాత్రమే కలవాడు ఓటరుగ మిగులును.

ఇట్టి తప్పును పట్టుటకు పలకయు బలపమును చాలును. ప్రశ్నలు నాలుగు: పౌరుడా, వయస్సు చాలినదా, మతిలోప మున్నదా, నేర మున్నదా. ఒక్కొక్కదానికి రెండే సమాధానములు గావున మొత్తము పదునాఱు వరుసలు వచ్చును. అన్నింటిని వ్రాసి, ప్రతి వరుసకును వాక్యపు ఫలితమును లెక్కింపవలెను. సరియైన వాక్యము పదునాఱింట ఒక్క వరుసకే ట్రూ అని చెప్పును. ఆర్‌ను మార్పక విప్పిన వాక్యము మూడింటికి చెప్పును. కుండలీకరణములు లేని మొదటి వాక్యము తొమ్మిదింటికి చెప్పును. పౌరుడు కాడు, వయస్సు చాలలేదు, మతిలోప మున్నది, నేర మున్నది అను కట్టకడపటి వరుస ఆ తొమ్మిదింటిలో నొకటి.